రిజిస్టర్‌లో అబద్ధం రాయించకు

అమ్మలూ,

నువ్వు రిసార్టు పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఛాతీ ఉప్పొంగింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

లైసెన్సులు, ఇన్సూరెన్సు, సోలార్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. నా టెన్షనంతా మురుగునీటి గురించే.

నా హోటల్ బాత్‌రూముల్లో ‘నీరు ఆదా చేద్దాం, టవల్ మళ్లీ వాడండి’ అని కార్డులు పెట్టించాను. మూలన ఆకు బొమ్మ కూడా. వెనకవైపు మురుగును శుద్ధి చేసే ప్లాంటు (ఎస్‌టీపీ) మోటారు కాలిపోయి నాలుగు నెలలు. సీజన్ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. రాత్రి పదకొండు దాటాక మురుగు కాలువలోకి వదిలేవాళ్లం. రిజిస్టర్‌లో రోజూ ‘ప్లాంటు 8 గంటలు నడిచింది’ అని సంతకం.

మా గదులు సగం నింపే టూర్ కంపెనీ తనిఖీకి ఒకావిడను పంపింది. ఆవిడ గదుల వైపే వెళ్లలేదు. రిజిస్టర్ చంకన పెట్టుకుని తిన్నగా ప్లాంటు మీటరు దగ్గరికి నడిచింది. అద్దం మీద దుమ్ము వేలితో తుడిచి అంకె రాసుకుంది. ‘మోటారు పోయిందని చెబితే గడువు ఇచ్చేవాళ్లం’ అంది, అంతే. మరుసటి ఏడాది కాంట్రాక్టు రాలేదు. సంతకం పెట్టిన కుర్రాణ్ని అందరి ముందూ తిట్టాను. పెట్టమన్నది నేనే. వాడి మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది.

పర్యావరణం పేరుతో చేసుకునే ఉత్తుత్తి ప్రచారాన్ని ‘గ్రీన్‌వాషింగ్’ అంటారు. ఆ మాటను 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ సరిగ్గా ఆ టవల్ కార్డుల మీదే వాడాడని తర్వాతెప్పుడో చదివాను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అందుకే స్పేర్ మోటారు ముందే కొనిపెట్టు. ప్లాంటు ఆగితే ‘ఆగింది’ అనే రాయించు. అలా రాసినవాణ్ని కసిరావంటే నేనూరుకోను. పర్యావరణహిత హోటల్ అని సర్టిఫికెట్ ఇప్పిస్తామని వచ్చేవాళ్లను జీఎస్‌టీసీ (పర్యావరణహిత పర్యాటకానికి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడుగు. ఆ సంస్థ హోటళ్లకు నేరుగా సర్టిఫికెట్ ఇవ్వదు, ఇచ్చేవాళ్లకు గుర్తింపు ఇస్తుంది. యూరప్ టూరిస్టుల మీద ఆశ ఉంటే ఇంకో మాట: 2026 సెప్టెంబరు 27 నుంచి అక్కడ ఆధారం లేకుండా ‘పర్యావరణహితం’ అని ప్రచారం చేసుకోవడం కుదరదు.

పక్క హోటళ్లవాళ్లతోనూ మాట్లాడుకో. 2018లో మురుగు సముద్రంలో కలుస్తోందని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బొరాకే ద్వీపాన్నే ఆర్నెల్లు మూసేసింది. బుద్ధిగా నడిపినవాళ్లూ ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. కాకపోతే మళ్లీ తెరిచినప్పుడు కాగితాలు సరిగ్గా ఉన్న హోటళ్లకే ముందు అనుమతి దొరికింది.

కోప్పడ్డాననుకోకు తల్లీ. రిబ్బన్ కత్తిరించడానికి నన్ను పిలవొద్దు. ఓ వారం ముందు పిలువు. మోకాళ్లు సహకరించవు గానీ, ప్లాంటు దాకా నడుస్తాను. మోటారు చప్పుడు వినాలి.

మీ పెదనాన్న