బొమ్మ పక్కన చీటీ పెట్టకు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు జరిగిన ఘోరం మీద వేసిన పద్నాలుగు బొమ్మలను ప్రదర్శనకు పెడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు పొంగుతూనే ఉంది, గుండె దడ మాత్రం తగ్గడం లేదు. కేసు ఇంకా కోర్టులో ఉంది కనుక బొమ్మలను ముందుగా న్యాయవాదికి చూపించు. నీకు కౌన్సెలింగ్ చేస్తున్న ఆవిడకు ప్రదర్శన తేదీ చెప్పు. ఇవి నీకు తెలియనివి కావు.

నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. నా మొదటి ప్రదర్శనలో నిర్వాహకులు ప్రతి బొమ్మ కిందా దాని వెనుక కథ రాసి పెట్టమన్నారు. నేను ఒప్పుకోవడమే కాక, ఎవరూ నమ్మరేమోనన్న బెంగతో వాళ్ళు అడగని వివరాలు కూడా రాశాను: ఏ నెల, ఏ గది, తలుపు ఎటువైపు ఉందో సహా. వచ్చినవాళ్ళు చీటీ చదివి, బొమ్మను ఓరగా ఒకసారి చూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చేవారు. నల్లని నేల మీద ఎన్నోసార్లు తుడిచి మళ్ళీ వేసిన పసుపు గీత గురించి ఒక్కరూ అడగలేదు. ఒక పెద్దమనిషి మాత్రం, మంచి మనసుతోనే కాబోలు, "అప్పుడు ఎందుకు కేక వేయలేదమ్మా?" అన్నాడు. విపరీతమైన భయంలో శరీరం మన ప్రమేయం లేకుండానే బిగుసుకుపోవచ్చనీ, గొంతు కూడా పెగలకపోవచ్చనీ నాకు అప్పటికి తెలియదు. తెలియకపోతే ఊరుకోవచ్చు కదా! తప్పు చేసినదానిలా అరగంట సేపు సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఆ తరువాత రెండేళ్ళు కుంచె ముట్టలేదు. కళ్ళనొప్పి అని మీ అమ్మకు చెప్పాను, అది అబద్ధం.

ఇటలీకి చెందిన ఆర్టెమీసియా జెంటిలెస్కిని, ఆమె మీద జరిగిన అత్యాచారం కేసులో 1612లో రోమ్‌లో విచారించినప్పుడు, ఆమె చెబుతున్నది నిజమో కాదో తేల్చడానికి చిత్రకారిణి అయిన ఆమె వేళ్ళకే తాళ్ళు చుట్టి బిగించారు. ఆమె మాట మార్చలేదు. ఆ అత్యాచారం జరిగింది 1611లో. బైబిల్ కథలోని సుసన్నాను ఇద్దరు ముసలివాళ్ళు వేధిస్తున్న బొమ్మ మీద ఆమె వేసుకున్న సంవత్సరం 1610. అయినా ఆ బొమ్మలో కూడా ఆ గాయాన్నే వెతికినవాళ్ళున్నారు. రేపు నువ్వు ఒట్టి నీటికుండ వేసినా అందులో అదే చూస్తారేమోనని నా భయం. నా భయాన్ని నీ నెత్తిన రుద్దుతున్నానేమో కూడా.

నికీ ద సాన్ ఫాల్ అనే కళాకారిణి 1961లో ప్లాస్టర్ లోపల రంగు సంచులు దాచి, తుపాకీతో కాల్చి, ఆ రంగులను కార్పించింది. పదకొండేళ్ళ వయసులో తండ్రి తనకు చేసినదాన్ని పుస్తకంగా బయటపెట్టింది 1994లో. మధ్యలోని ముప్పై మూడేళ్ళూ ఆ బొమ్మలు మూగవేమీ కావు.

అందుకని బొమ్మ పేరు, కొలత, వాడిన రంగులు రాసి పెట్టు, చాలు. ఎవరైనా గుచ్చి అడిగితే "చెప్పదలచుకున్నది గోడ మీద ఉంది" అను. అదీ అనాలనిపించకపోతే లేచి బయటికి నడువు. చెప్పాలని నీకే అనిపించిన రోజున చెప్పు, నేను అడ్డుపడను.

తలుపు దగ్గర నాకొక కుర్చీ వేయించు తల్లీ. మోకాళ్ళు సహకరించకపోయినా రోజంతా అక్కడే కూర్చుంటాను. మీ అమ్మ పంపిన ఫోటోలో ఏడో బొమ్మ అడుగున ఒక ఆకుపచ్చ ఉంది. అది ఏ రంగులు కలిపితే వచ్చిందో మాత్రం అడుగుతాను, దానికి నువ్వు జవాబు చెప్పక తప్పదు.

మీ పెద్దమ్మ