ఓడలో వరసగా నాలుగు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనపడకపోతే అమ్మానాన్నలకి విసుగు రాదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కించి హవాయి తిప్పి తీసుకురావాలని ఉంది, కానీ వెళ్లేటప్పుడు నాలుగు రోజులు, వచ్చేటప్పుడు నాలుగు రోజులు నేల కనపడదంటే పెద్దవాళ్లు రోజంతా ఏం చేస్తారో అని టెన్షన్. ఇలాంటివాటికి మామూలుగా తీసుకెళ్లిన కొడుకులూ కూతుళ్లూ జవాబు చెప్తారు. నేను కొడుకు తీసుకెళ్తే వెళ్లిన తండ్రిని. 67 ఏళ్లు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను, మాది కాకినాడ. పుట్టినప్పటి నుంచీ సముద్రం పక్కనే ఉన్నా ఓడ ఎక్కింది లేదు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో అబ్బాయి, కోడలు, నాలుగేళ్ల మనవరాలితో మేమిద్దరం సరిగ్గా మీరు చెప్పిన ప్రయాణమే చేశాం.

ముందు లెక్క చెప్తాను. టికెట్ మీద 15 రాత్రులు. అందులో 9 పగళ్లు పూర్తిగా నీళ్ల మీదే. హవాయిలో నాలుగు రోజులు, తిరుగు దారిలో మెక్సికోలోని ఎన్సెనాడాలో కొన్ని గంటలు. ఆ ఎన్సెనాడా ఎందుకో మొదట నాకు బోధపడలేదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉందట, విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని ఇంకో దేశం తాకకుండా మళ్లీ అమెరికా రేవులోనే దింపకూడదు. అందుకే మొక్కుబడిగా ఆగుతుంది. హవాయిదాకా సుమారు 2,090 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 3,870 కిలోమీటర్లు. ఓడ వేగం 19 నాట్లు, అంటే గంటకి 35 కిలోమీటర్లు. మా కాకినాడ పాసింజరు రైలు ఇంతకన్నా నయం అని మొదటి రోజే అబ్బాయితో అన్నాను.

మొదటి రెండు రోజులే కష్టం. కాలిఫోర్నియా తీరం దాటే వరకు గాలి చల్లన, అల పెద్దది. హవాయి కదా అని మా ఆవిడ పెట్టెలో ఉన్నవన్నీ నూలు చీరలే, అబ్బాయి జాకెట్ తొడుక్కుని కూర్చుంది. గదులు తీసుకోవడంలో మావాడు ఒక పొరపాటు చేశాడు. బాల్కనీ ఉంది, కాస్త చవగ్గా వస్తోంది అని ఓడ ముందు కొసలో, పై అంతస్తులో తీసుకున్నాడు. ఊగేది అక్కడే ఎక్కువ. ఉయ్యాల బల్ల మీద కొసన కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. పెద్దవాళ్లకైతే బాల్కనీ లేకపోయినా సరే, ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. రెండో రోజు పొద్దున లిఫ్టుల దగ్గర కాగితం సంచులు పెట్టి ఉండడం చూశాను. అవెందుకో అరగంటలో మా ఆవిడ తెలియజేసింది. అల్లం మురబ్బా, పచ్చ ఆపిల్ ముక్కలు, ఒక మాత్ర, సాయంత్రానికి లేచి కూర్చుంది. ఆ మాత్రకి బాగా నిద్ర వస్తుంది. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లైతే ఏది వేసుకోవచ్చో బయలుదేరే ముందే డాక్టర్‌ని అడిగి తెచ్చుకోవాలి. ఓడలో ఆసుపత్రి ఉంటుంది, కానీ బిల్లు డాలర్లలో, బాగానే పడుతుంది. మీరు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద వైద్యానికి వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూసుకోండి.

మూడో రోజుకి కోట్లన్నీ పెట్టెలోకి పోయాయి. ఎందుకో చెప్తాను, ఇది నా సరదా. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి కెప్టెన్ మైకులో ఓడ ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశంతో సహా చెప్తాడు. గాలి ఎంత, లోతు ఎంత అన్నీ. నేను పాత అలవాటు కొద్దీ డైరీలో గళ్లు గీసి రాసుకునేవాణ్ణి. శాన్‌ఫ్రాన్సిస్కో 38 డిగ్రీల దగ్గర ఉంటే మేము మొదట దిగిన హీలో 20కి కాస్త కింద. అంటే మన పూరీ ఉన్న గీత మీదే. రోజుకి నాలుగు డిగ్రీలు కిందికి దిగుతూ పోతుంటే వేడెక్కక ఏం చేస్తుంది. ఒక రోజు కెప్టెన్ లోతు ఐదు వేల మీటర్లు అన్నాడు. ఆ మధ్యాహ్నమే హవాయి కొండల గురించి ఉపన్యాసం ఉంటే వెళ్లాను. మౌనా కియా అనే అగ్నిపర్వతం నీటి పైన 4,207 మీటర్లే, కానీ సముద్రం అడుగు నుంచి కొలిస్తే పదివేలు దాటుతుంది, ఎవరెస్టుని మించి. విమానంలో వెళ్లి ఆ కొండని చూసినవాడికి ఈ మాట ఒట్టి అంకె. కింద అంత లోతు మీద మూడు రోజులు తేలుతూ వచ్చినవాడికి అలా ఉండదు.

ఇంకో తమాషా గడియారం. ఏప్రిల్‌లో హవాయి కాలిఫోర్నియా కన్నా మూడు గంటలు వెనక. విమానంలో అయితే ఒకేసారి మారుతుంది, ఓడలో రాత్రికి ఒక గంట చొప్పున మూడు రాత్రులు వెనక్కి తిప్పుతారు. నాలాగా ఐదింటికి లేచే అలవాటున్న ముసలాడు ఒక రోజు నాలుగింటికి, మర్నాడు మూడింటికి లేచి కూర్చుంటాడు. నేను చప్పుడు చేయకుండా డెక్ మీదికి పోయేవాణ్ణి. పనివాళ్లు గొట్టాలతో డెక్ కడుగుతూ ఉంటారు. నాలాంటి వాళ్లే ఇంకో ఐదారుగురు, అందరూ డెబ్బై దాటిన అమెరికన్లు, చేతిలో కాఫీ పట్టుకుని ఓడ చుట్టూ నడుస్తుంటారు. ఒక పక్క గాలి తోసేస్తుంది, మలుపు తిరిగితే వీపు పట్టి నెడుతుంది. రెండో రోజు చెయ్యి ఊపారు, మూడో రోజు పేరు అడిగారు, నాలుగో రోజుకి ఒకాయన తన మోకాలి ఆపరేషన్ సంగతంతా చెప్పాడు. మా ఇంటి దగ్గర పార్కులో జరిగేదీ ఇదే. చుక్కలు ఆకాశం నిండా కనపడతాయనుకున్నాను గానీ డెక్ మీద రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, అంతగా కనపడవు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి, విసుగు. నాకు రాలేదు. మా ఆవిడకి వచ్చింది, రెండు రోజులు. అది కాలక్షేపం లేక వచ్చిన విసుగు కాదు, చేతికి పని లేక వచ్చింది. పెళ్లయిన 41 ఏళ్లలో వరసగా పదిహేను రోజులు పొయ్యి వెలిగించకుండా ఎప్పుడూ లేదు. పక్క సర్దబోతే ఎవరో వచ్చి సర్దేసి పోతున్నారు, తువ్వాలుని ఏనుగులా చుట్టి మంచం మీద పెట్టి మరీ. "ఒక్క కాకి కూడా లేదేంటండీ ఇక్కడ" అంది కిటికీలోంచి చూస్తూ. మావాడు కంగారుపడి, రాత్రి గది తలుపు దగ్గర పెట్టే రేపటి కార్యక్రమాల కాగితం తీసుకుని పెన్నుతో సున్నాలు చుట్టేవాడు. పదింటికి హులా డాన్సు, పదకొండింటికి ఉకులేలే అనే చిన్న గిటారు క్లాసు, రెండింటికి క్విజ్. "అమ్మా, ఇది బాగుంటుంది, వెళ్దాం రా." వాడి తృప్తి కోసం వెళ్లి చివరి వరసలో కూర్చునేది.

అదే కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది, అల్లికలు చేసేవాళ్లు ఫలానా చోట కలుసుకోవచ్చు అని. చూసింది మా కోడలు. మా ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ వైపు లేసు అల్లికలు ఎంత పేరో మీకు తెలిసే ఉంటుంది, చిన్నప్పుడు వాళ్లమ్మతో పాటు అరుగు మీద కూర్చుని అల్లినదే. సూదీ దారం ఎప్పుడూ సంచిలో ఉంటాయి. మూడో రోజు కోడలు తీసుకెళ్లి కూర్చోబెట్టి వచ్చింది. పదిహేను మంది ఆడవాళ్లు, అందరూ లావు ఊలుతో టోపీలూ దుప్పట్లూ అల్లుతున్నారట. ఈవిడ సన్నటి దారం తీసి పని మొదలుపెట్టేసరికి చుట్టూ చేరారు. ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా సూది ఎలా తిప్పాలో చూపించడానికి ఇంగ్లీషు ఎందుకు? ఆ తర్వాత సముద్రం మీద ఉన్న ప్రతి రోజూ పదింటికి నా భార్య నాకు దొరకలేదు. హవాయిలో దిగిన రోజుల్లో "ఇవాళ వాళ్లు కూర్చోరుగా" అని అడిగేది. మొన్న మావాడు ఈసారి సియాటిల్ నుంచి అలాస్కా వెళ్దామా అన్నాడు. "ఊళ్లు కాకుండా ఒట్టి సముద్రం ఎన్ని రోజులు?" అంది. ఏడు రోజుల్లో రెండు అన్నాడు. "అంతేనా" అంది.

కాబట్టి మీ అమ్మగారికి చేతిలో ఏ పని అలవాటో అది సంచిలో పెట్టుకోమనండి. మీరు మాత్రం సున్నాలు చుట్టకండి. పెద్దవాళ్లని పొద్దున్నించి రాత్రి దాకా వినోదపరచాలనుకుంటే మీకూ అలసటే, వాళ్లకీ అలసటే. మేము చేసుకున్న ఏర్పాటు ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి టీ దగ్గర అందరం కలవాలి, అప్పటిదాకా ఎవరి దారి వారిది. ఓడలో గదుల ముందు నడవలన్నీ ఒకేలా ఉండడంతో మా ఆవిడ రెండుసార్లు దారి తప్పింది. ఓడ గోడలూ తలుపులూ ఇనుపవి, అయస్కాంతం అంటుకుంటుంది. మనవరాలు ఫ్రిజ్ మీద పెట్టే సీతాకోకచిలుక బొమ్మ తలుపుకి అంటించింది, దాంతో తిప్పలు తప్పాయి. ఫోన్లు ఓడ ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించండి, లేకపోతే ఓడలోని నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు దిమ్మ తిరిగేలా వస్తుంది. వైఫై కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. మేము అబ్బాయి ఒక్కడికే తీసుకున్నాం.

నా కాలక్షేపం లైబ్రరీ మూలన ఉన్న జిగ్సా బల్ల, అంటే అట్ట ముక్కలు కలిపి బొమ్మ పూర్తి చేసే ఆట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, వచ్చినవాళ్లు నాలుగు ముక్కలు పెట్టి పోతుంటారు. వెయ్యి ముక్కలు, నాలుగు రోజులు. చివరికి ఆకాశంలో ఒక ముక్క లేదు. ఆ పూట నలుగురు పెద్దమనుషులం సోఫాల కింద దూరి వెతికాం.

తిండి సంగతి అందరూ అడుగుతారు. మాది శాకాహారం. బఫేలో పప్పో కూరో ఒకటి ఉంటుంది, అన్నం ముద్దగా ఉంటుంది. మంచి పద్ధతి ఏమిటంటే మొదటి రాత్రే పెద్ద డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడటం. మాకు దొరికినతను గోవా కుర్రాడు, హిందీలో "అంకుల్, రేపు రాత్రికి ఏం కావాలో ఇవాళే చెప్పండి" అని రాసుకుని పప్పు, చపాతీ, బెండకాయ కూర చేయించి పెట్టాడు. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అడక్కుండా తాగకండి, ఒకసారి మా గిన్నెలోది కోడి మాంసం ఉడికించిన నీళ్లతో చేసినదని సగం తాగాక తెలిసింది. మా ఆవిడ ఆ పూట ఇంకేమీ తినలేదు. పెరుగు పొద్దున ఫలహారం వేళే బయట పెడతారు. రెండు కప్పులు తెచ్చి గదిలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మధ్యాహ్నం పెరుగన్నానికి పనికొస్తాయి. కుక్కర్లు, ఎలక్ట్రిక్ కెటిల్‌లు ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. మేము సీలు ఉన్న కందిపొడి, కారప్పొడి పొట్లాలు తీసుకెళ్లాం, ఎవరూ ఏమీ అనలేదు.

నచ్చనివీ ఉన్నాయి. నేల కనపడని రోజున అమ్మేవాళ్లు ఎక్కువ. వేలంలో బొమ్మలు, వాచీలు, మసాజులు, అడుగడుగునా ఫోటో తీసేవాళ్లు. ఈత కొలను దగ్గర కుర్చీల మీద పొద్దున ఏడింటికే తువ్వాళ్లు పరిచి మనుషులు మాయమవుతారు, మన బస్సు సీట్లో చేతిరుమాలు వేసినట్టు. టికెట్ ధర కాక టిప్పు అని మనిషికి రోజుకి ఇంత అని విడిగా పడుతుంది, బడ్జెట్ వేసేటప్పుడు అది మర్చిపోకండి.

తిరుగు ప్రయాణంలో గడియారం ముందుకి జరుగుతుంది, నిద్ర చాలదు, మళ్లీ చలి మొదలవుతుంది. పెద్దవాళ్లకి ఫలహారం వేళ దాటిపోకుండా చూసుకోండి, అంతే.

చివరగా కాగితాలు. ఎన్సెనాడా వల్ల దేశం దాటి మళ్లీ వచ్చినట్టే లెక్క, పాస్‌పోర్టు తప్పనిసరి. మీ అమ్మానాన్నల విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. మీది హెచ్1బీ ఉద్యోగ వీసా అయ్యి, పాస్‌పోర్టులో దాని స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే మాత్రం టికెట్ కొనే ముందే లాయర్‌ని అడగండి. ఇంకేమైనా కావాలంటే అడగండి, డైరీ చూసి చెప్తాను.