పైలట్ల కొరత సరే, మధ్యలో రెండేళ్లు వాయిదా ఎవరు కడతారు?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. నాకు 51, మావారికి 54 ఏళ్లు. మా అబ్బాయికి 21. ఇక్కడే పుట్టి పెరిగాడు. కాలేజీలో రెండేళ్లు చదివి, ఇప్పుడు మానేసి పైలట్ అవుతానంటున్నాడు. ఫ్లయిట్ స్కూల్‌లో మొత్తం 1,10,000 డాలర్లు అవుతుందన్నారు. దేశంలో పైలట్ల కొరత ఉంది, రీజనల్ ఎయిర్‌లైన్స్ (పెద్ద ఎయిర్‌లైన్స్ తరఫున చిన్న విమానాలు నడిపే కంపెనీలు) వాళ్లు మీవాడి కోసమే ఎదురుచూస్తున్నారు అని కూడా చెప్పారు. మా మరిదేమో రీజనల్ పైలట్ జీతం బర్గర్ షాపు జీతంతో సమానం అంటాడు. ఎవరిని నమ్మాలి? 12 శాతం వడ్డీకి ప్రైవేటు లోన్ ఇస్తామంటున్నారు, దానికి నేను కో-సైన్ (వాడు కట్టకపోతే నేను కడతానని సంతకం) చెయ్యాలా? లేక ఇంటి మీద లోన్ తియ్యమంటారా?

జవాబు: మీ మరిది చెప్పింది అబద్ధమేమీ కాదు, కాకపోతే పాత మాట. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ అనే రీజనల్ కంపెనీ విమానం బఫెలో దగ్గర కూలి 50 మంది చనిపోయారు. ఆ విచారణలోనే రీజనల్ పైలట్ల బతుకు జనానికి తెలిసింది. ఆ విమానం ఫస్ట్ ఆఫీసర్ (కెప్టెన్ పక్కన కూర్చునే కో-పైలట్) డ్యూటీ ఎక్కడానికి సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి నెవార్క్ చేరుకుంది. అప్పట్లో కొత్తగా చేరినవాళ్లకు ఏడాదికి 20 వేల డాలర్ల చుట్టుపక్కల వచ్చేది. ఆ ప్రమాదం తర్వాతే 2010లో చట్టం మారింది. 2013 నుంచి ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో కుడివైపు సీట్లో, అంటే ఫస్ట్ ఆఫీసర్‌గా, కూర్చోవాలన్నా మామూలుగా విమానం నడిపిన అనుభవం 1,500 గంటలు ఉండాల్సిందే. అంతకుముందు 250 గంటలతో కమర్షియల్ లైసెన్సు ఉంటే సరిపోయేది. (ఆ రోజు కూలిన విమానంలో ఇద్దరు పైలట్లకూ 1,500 గంటలు దాటే ఉన్నాయి. చట్టాలు చేసేటప్పుడు ఇలాంటివి పక్కకు పోతుంటాయి.)

అప్పటి నుంచే 'కొరత' అనే మాట మొదలైంది. కొరతే నిజమైతే జీతం పెరగాలి కదా? కాంగ్రెస్‌కు లెక్కలు చూసిపెట్టే జీఏఓ సంస్థ 2014లో సరిగ్గా ఇదే అడిగింది. రీజనల్స్ మాకు మనుషులు దొరకడం లేదంటున్నాయి కానీ, జీతాల లెక్కలు చూస్తే కొరత ఉన్నట్టు లేదని తేల్చింది. లైసెన్సున్న మనుషులకు లోటు లేదు, ఆ జీతానికి వచ్చేవాళ్లకే లోటు అని పైలట్ల యూనియన్ వాదన. నేనూ ఆ పక్షమే. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్స్ కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు గంటకు 90 డాలర్లు ఇస్తామనగానే మిగతావాళ్లూ పెంచక తప్పలేదు. అంతకుముందు పదేళ్లపాటు పెంచలేమన్నది కూడా వీళ్లే.

ఈ 90 డాలర్లు ఆఫీసు గంటల లెక్క కాదు. విమానం గేటు వదిలాకే మీటరు తిరుగుతుంది. నెలకు 75 గంటలు గ్యారంటీ అనుకుంటే ఏడాదికి 81,000 డాలర్లు. పన్నులు పోను నెలకు 5 వేల పైచిలుకు చేతికొస్తుంది. దాంట్లోంచే, బేస్ (డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్టు) వేరే ఊళ్లో పడితే, నలుగురైదుగురితో కలిసి అద్దెకు తీసుకున్న క్రాష్‌ప్యాడ్‌లో ఒక మంచానికి కూడా డబ్బు కట్టుకోవాలి. అయినా బర్గర్ షాపు జీతమైతే కాదు.

ఇంతకీ మీ ఇంటికి అసలు చిక్కు ఆ జీతం దగ్గర లేదు, ఆ జీతం దాకా వెళ్లే దారిలో ఉంది. స్కూల్ వాళ్లు చెప్పే ప్రోగ్రాం 250, 300 గంటల దగ్గర ఆగిపోతుంది. 1,500కి చేరేదాకా మిగతా గంటలు మీవాడు ఇన్‌స్ట్రక్టర్‌గా పిల్లలకు నేర్పుతూ సంపాదించుకోవాలి. గంటకు 25 డాలర్లు అనుకుందాం. అదీ గాల్లోకి లేస్తేనే. నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు తన డైరీ చూపించాడు. ఒక మంగళవారం పేజీలో ఆరుగురు స్టూడెంట్ల పేర్లున్నాయి, అయిదు కొట్టేసి ఉన్నాయి. పక్కన 'మబ్బు', 'గాలి', ఒకదానికి 'వాడే రాలేదు'. ఆ రోజు సంపాదన 35 డాలర్లు. ఆ నెలే అతని గ్రేస్ పీరియడ్ (వాయిదా కట్టక్కర్లేని గడువు) అయిపోయి లోన్ వాయిదా మొదలైంది. వాళ్ల నాన్న ఇప్పటికీ కడుతున్నారు.

మీ లెక్కే చూద్దాం. 1,10,000 డాలర్లు, 12 శాతం, పదేళ్లు అంటే నెలకు సుమారు 1,578. చదువుకునేటప్పుడు ఏమీ కట్టకుండా రెండేళ్ల వడ్డీ అసల్లో కలిసిపోతే అప్పు 1,36,400 అవుతుంది, వాయిదా 1,957కి పెరుగుతుంది. పదేళ్లలో మొత్తం 2,34,000 దాటుతుంది. ఇన్‌స్ట్రక్టర్ సంపాదనతో అది కట్టడం కుదరని పని. కో-సైన్ చేశారంటే, వాడు ఇన్‌స్ట్రక్టర్‌గా గంటలు కూడబెట్టుకునే రెండేళ్లూ ఇది మీ బిల్లే అనుకోండి. దివాళా తీసినా ఈ ప్రైవేటు ఎడ్యుకేషన్ లోన్లు అంత సులువుగా వదలవు.

1,500 నిండగానే ఉద్యోగం సిద్ధంగా ఉంటుందా అంటే, అదీ కాలాన్ని బట్టే. 2022లో ఉంది. 2024కి వచ్చేసరికి బోయింగ్ విమానాలు టైముకి రాక సౌత్‌వెస్ట్ పైలట్ల నియామకాలు ఆపేసింది, స్పిరిట్ ఎయిర్‌లైన్స్ ఉన్న పైలట్లలోనే కొందర్ని ఇంటికి పంపింది. పైన పెద్ద ఎయిర్‌లైన్స్‌లో కదలిక లేకపోతే రీజనల్స్‌లో కెప్టెన్లు కదలరు, కింద కొత్త క్లాసులు పడవు. ఇంకో సంగతి స్కూల్ వాళ్లు చెప్పరు. కొరత, కొరత అని గోల పెట్టిన రోజుల్లో కూడా ఎక్కువ లోటు కెప్టెన్లకే. ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా 1,000 గంటలు ఎగిరితే గానీ రీజనల్‌లో పెరిగి కెప్టెన్ కాలేరు. మీవాడు చేరబోయే క్యూ ఫస్ట్ ఆఫీసర్లది, అది కెప్టెన్ల క్యూ కన్నా పొడుగు.

కాబట్టి ఇంటి మీద లోన్ మాత్రం వద్దే వద్దు. దానికి గ్రేస్ పీరియడ్ ఉండదు, వాయిదా వచ్చే నెలే మొదలవుతుంది, తాకట్టులో ఉండేది మీ ఇల్లు. మీ ఇద్దరి రిటైర్మెంట్ డబ్బూ కదపొద్దు, మీవారికి 54 అని మీరే రాశారు.

వాడు కాలేజీ మానెయ్యడం కూడా నాకు నచ్చలేదు. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన ఏవియేషన్ కోర్సున్న యూనివర్సిటీకి మారి, కావాల్సిన క్రెడిట్లతో డిగ్రీ పూర్తి చేస్తే 1,500 బదులు 1,000 గంటలకే రీజనల్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా చేరొచ్చు. అంటే ఆ డైరీ పేజీల్లో 500 గంటలు తగ్గినట్టు. ఫెడరల్ లోన్లకూ అర్హత ఉంటుంది, మీ దగ్గర 529 ఖాతా (పిల్లల చదువు కోసం దాచుకునేది) ఉంటే అదీ వాడుకోవచ్చు. మొత్తం ఖర్చు పెరగొచ్చు, అది వేసుకుని చూడండి. పాత క్రెడిట్లు ఎన్ని కలుపుతారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

కాదు, స్కూల్‌కే వెళ్తానని పట్టుబడితే, ముందు ప్రైవేట్ పైలట్ లైసెన్సు వరకు వాడి సొంత డబ్బుతో, దగ్గర్లోని ఫ్లయింగ్ క్లబ్‌లో, ఏ నెలకానెల కట్టుకుంటూ చెయ్యమనండి. అక్కడితో మోజు తీరిపోయేవాళ్లు చాలామంది. ఆ తర్వాత కో-సైన్ చేసినా, ఉద్యోగం లేకుండా రెండేళ్లు మీ జీతాల్లోంచి కట్టగలిగేంత మొత్తానికే చెయ్యండి. నెలకు 700 కట్టగలిగితే, 12 శాతం మీద పదేళ్లకు అది సుమారు 48,800 లోన్‌కి సరిపోతుంది. ట్రైనింగ్ నడిచేటప్పుడు నెలనెలా వడ్డీ ఒక్కటైనా కట్టెయ్యండి. కో-సైనర్‌ను ఎన్ని వాయిదాల తర్వాత తప్పిస్తారో సంతకానికి ముందే అడగండి.

వీటన్నిటికన్నా ముందు, ఈ వారంలోనే, ఏవియేషన్ డాక్టర్ దగ్గర ఫస్ట్ క్లాస్ మెడికల్ (పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష) చేయించండి. రంగులు గుర్తుపట్టడంలో తేడా, చిన్నప్పుడు ఏడీహెచ్‌డీకి వాడిన మందులు, డిప్రెషన్ ట్రీట్‌మెంట్, ఇలాంటివి ఉంటే సర్టిఫికెట్ నెలల తరబడి ఆగిపోవచ్చు. అలాంటివేమైనా ఉంటే అపాయింట్‌మెంట్‌కు ముందే ఆ డాక్టర్‌కు ఫోన్ చేసి ఏ కాగితాలు కావాలో అడగండి, ఏదీ దాచొద్దు. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా స్కూల్‌కి డిపాజిట్ కూడా కట్టొద్దు.