‘మీరు వెళ్లి రండి’ అంటోంది నా భార్య

ప్రశ్న: మాది హైదరాబాద్. పెళ్లై ఆరేళ్లైంది, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. పోయిన డిసెంబర్ ఆఖర్లో పది రోజులు సెలవు పెట్టి కారులో కోస్తా వైపు వెళ్లాం. పాపికొండలు, బొర్రా గుహలు, అరకు చూడాలని మా ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. ఎలాగూ అటే వెళ్తున్నాం కదా అని తెనాలిలో అమ్మను, అక్కడే ఉన్న మేనత్తను, రాజమండ్రిలో అక్కను, కాకినాడలో బాబాయిని, విశాఖలో నా ఫ్రెండ్స్‌ని కూడా కలుద్దామనుకున్నాం. అక్క ఇంకో రోజు ఉండమనడంతో పాపికొండలు కుదరలేదు. అరకు ఒక్క పూటలో చూసి వచ్చేశాం. అనకాపల్లిలో మా ఆవిడ పిన్ని ఉంటుంది. చిన్నప్పుడు కొన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉండి చదువుకుంది. వాళ్లింటికి వెళ్లడానికి టైము చాల్లేదు. తను ఎవరింట్లోనూ ముఖం చిట్లించలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం మాట్లాడలేదు. ఇప్పుడు సంక్రాంతికి మళ్లీ అలాగే వెళ్దామంటే ‘మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో పడుకుంటాను’ అంటోంది. మా వాళ్లంటే తనకి ఇష్టం లేదా? అమ్మకి తెలిస్తే ఎంత బాధపడుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో మీ వాళ్ల మీద ఆమె ఒక్క ఫిర్యాదు చేసినట్టు కూడా లేదు. అన్ని ఇళ్లలోనూ నవ్వుతూ గడిపిన మనిషి, మీరిద్దరే మిగిలిన కారులోకి వచ్చాక మౌనంగా ఉండిపోయింది. ఆమె నొచ్చుకున్నది మీ వల్లేనని నాకనిపిస్తోంది. ఈ మాట వినడం కష్టమని తెలుసు. కానీ సరిచేసుకోవడం మీ చేతుల్లోనే ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఒకసారి మీరు వెళ్లిన దారి గుర్తు చేసుకోండి. విజయవాడ దాటాక తెనాలి వైపు మళ్లారు. అమ్మ దగ్గరికి వెళ్లాల్సిందే, అందులో మాట్లాడటానికేమీ లేదు. కాకినాడ కూడా హైవే మీద ఉన్న ఊరు కాదు. రాజమండ్రి నుంచి విశాఖకు అన్నవరం, తుని మీదుగా నేరుగా వెళ్లిపోవచ్చు. బాబాయి కోసం ఆ దారి వదిలి వెళ్లారు. అనకాపల్లి మాత్రం సరిగ్గా ఆ దారిలోనే ఉంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ ఊరి పక్కనుంచే మీ కారు వెళ్లింది. అరగంట ఆగినా ఒక కాఫీ తాగి, పిన్నిని చూసి వచ్చేవాళ్లు. తనను పెంచిన మనిషి ఇల్లు అంత దగ్గర్లో ఉండగా దాటిపోతుంటే, పక్క సీట్లో కూర్చున్న మీ భార్యకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. టైము చాల్లేదని మీరు మనస్ఫూర్తిగానే రాశారు. కానీ మీ వాళ్ల కోసం దారి మళ్లడానికి దొరికిన టైము ఆమె పిన్ని దగ్గరికి వచ్చేసరికి దొరకలేదు. ఆమె మనసులో మిగిలింది అదే అయి ఉంటుంది.

రెండోది, మన ఇళ్ల సంగతి. మీరు అక్క ఇంటికి వెళ్లారంటే తమ్ముడిగా వెళ్లారు. సోఫాలో కాళ్లు చాపుకుని, పొద్దున్న ఎనిమిదింటికి లేచి, వేడివేడి పెసరట్టు తిని, బావగారితో కబుర్లు చెప్పుకోవచ్చు. అదే ఇంటికి ఆమె మరదలిగా వెళ్లింది. ‘నువ్వు కూర్చో అమ్మా’ అని ఎంత ప్రేమగా అన్నా కూర్చోలేదు. అందరికంటే ముందు లేవాలి, స్నానం చేసి తయారవ్వాలి, వంటింట్లో ఓ చెయ్యి వేయాలి, మధ్యాహ్నం నడుం వాల్చాలన్నా తలుపు వేసుకోవడానికి మొహమాటం. నెలసరి రోజులైతే పరాయి ఇంట్లో ఇంకా ఇబ్బంది. బయల్దేరే ముందు ఎవరికి ఏ స్వీట్లు పట్టుకెళ్లాలి, అక్కగారికి ఏ చీర పెట్టాలి అని ఆలోచించి కొన్నది ఎవరు? మీరు రాయలేదు గానీ ఆమే అయి ఉంటుందని నా నమ్మకం. ఏడాది పొడవునా ఆఫీసు పని చేసి సెలవు పెట్టిన మనిషికి ఆ పది రోజుల్లో విశ్రాంతి దొరకలేదు. ‘ఇంట్లో పడుకుంటాను’ అన్న మాట మీకు అలకలా వినిపించి ఉండొచ్చు. నాకు మాత్రం ఆమె అలసట కనిపిస్తోంది.

మరో విషయం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. పెళ్లై ఆరేళ్లైందన్నారు, పిల్లల మాట రాయలేదు. కారణం ఏదైనా అది మీ ఇద్దరి విషయం. ఒకవేళ ఇంకా పిల్లలు లేకపోతే మాత్రం, దిగిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ‘ఏమైనా విశేషమా?’ అని అడిగే ఉంటారు. ఆ ప్రశ్న మగవాళ్ల ముందు రాదు. వంటింట్లోనో, పెరట్లోనో, ఆమె ఒంటరిగా దొరికినప్పుడు వస్తుంది. ఎవరేం అడిగారో, తను ఏం చెప్పుకుని నెట్టుకొచ్చిందో మీకు తెలుసా? తెలియకపోతే నెమ్మదిగా అడగండి. చెప్పాలనిపిస్తే చెబుతుంది. చెప్పినప్పుడు ‘వాళ్లు మంచికే అన్నారులే’ అనొద్దు. అక్క అడిగి ఉంటే అక్కతో మాట్లాడాల్సింది మీరే. ‘ఆ సంగతి మమ్మల్ని అడక్కు అక్కా, ఉంటే మేమే చెబుతాం’ అంటే చాలు. అక్కలు తమ్ముళ్ల మాట వింటారు.

‘ఇవన్నీ అప్పుడే చెప్పొచ్చు కదా’ అని మీకు అనిపించొచ్చు. ఎప్పుడు చెప్పాలి? రాజమండ్రిలో అక్క ‘ఇంకో రోజు ఉండండి’ అన్నప్పుడు అందరి ముందూ ‘లేదు వదినా, రేపు పాపికొండలు వెళ్లాలి’ అంటే మరుక్షణం ఆమెకు చెడ్డపేరు. అక్కకు కాదనగలిగిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. పైగా పాపికొండల బోటు మన వీలును బట్టి కదిలేది కాదు. పొద్దున్నే ఎక్కి గోదావరి మీద రోజంతా తిరిగి సాయంత్రానికి రావాలి. వరదల నెలల్లో బోట్లే ఉండవు. ఆ రోజు పోతే ఆ ట్రిప్పుకి పాపికొండలు పోయినట్టే. అరకూ అంతే. విశాఖ నుంచి నూట పది కిలోమీటర్ల పైమాటే, అందులో కొంత ఘాట్ రోడ్డు. టిఫిన్లు కానిచ్చుకుని తీరిగ్గా బయల్దేరి ఒక్క పూటలో వచ్చేశారంటే ఆమె చూసింది ఎక్కువగా కారు అద్దంలోంచే. మీకు ఒక రోజు అటూ ఇటూ అయిందంతే. ఆమెకు ఎన్నో ఏళ్ల కోరిక చేజారింది.

ఇక చేయాల్సింది. సంక్రాంతి ప్లాన్ పక్కన పెట్టి ముందు క్షమాపణ చెప్పండి. ‘నీకు బాధ కలిగితే సారీ’ అనే మాట వద్దు. ‘అనకాపల్లిలో ఆగకుండా వచ్చేయడం నా తప్పు. పాపికొండల రోజు నిన్ను అడక్కుండా అక్కకి సరేనన్నాను’ అని విడివిడిగా, పేరు పెట్టి చెప్పండి. ఆ తర్వాత ఆమె కోపంగా ఏదైనా అంటే వినండి, మీ వైపు వాదన అప్పుడే మొదలుపెట్టకండి.

ఈ నెలలోనే ఒక ఆదివారం పిన్నిగారికి మీరే ఫోన్ చేయండి. సంక్రాంతి ఇంకా దూరంలో ఉండగానే ఒక శని, ఆదివారాలు రైల్లో అనకాపల్లి వెళ్లి రండి. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే రైళ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి. ఆ రెండు రోజులూ మీరు అల్లుడి మర్యాదలు అందుకోవడంతో సరిపెట్టకుండా పిన్నిగారితో కూర్చుని మీ భార్య చిన్నప్పటి సంగతులు అడగండి.

పండక్కి చుట్టాల దగ్గరికి వెళ్లడం, ఊళ్లు చూడటానికి వెళ్లడం, ఈ రెండూ కలపకండి. సంక్రాంతి ముందు రెండు రోజులూ విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గరే గంటలు పోతాయి. ఆ రద్దీలో తెనాలి చేరడమే ఎక్కువ, అరకు ఊసెత్తొద్దు. విహారానికి వేరే సెలవు పెట్టుకోండి. ఆ సెలవులో ఏ ఊళ్లో ఎన్ని రాత్రులో ఆమెనే రాయమనండి. మీ చుట్టాలను చూడాలనిపిస్తే మధ్యాహ్నం భోజనానికి వెళ్లి సాయంత్రం బయల్దేరండి, రాత్రికి హోటల్లోనో, టూరిజం వాళ్ల హరిత రిసార్ట్‌లోనో దిగండి. ‘ఇల్లుండగా లాడ్జి ఏమిట్రా’ అని అక్క నొచ్చుకుంటుంది, నిజమే. ‘ఈసారి మేమిద్దరం కాస్త తీరిగ్గా తిరుగుదామనుకున్నాం అక్కా’ అని బయల్దేరక ముందే ఫోన్లో చెప్పేయండి. గుమ్మంలో నిలబడి చెబితేనే గొడవ. వస్తామని ఎవరికి మాటివ్వాలన్నా ‘సాయంత్రం చెబుతాను’ అని ఫోన్ పెట్టేసి, ముందు ఆమెను అడగడం అలవాటు చేసుకోండి. ఇది మీకు మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, మీ వాళ్లకు అలా జవాబు చెప్పి ఎరుగరు కదా.

పది రోజుల ట్రిప్ అంటే ఇప్పుడు ఆమెకు భయం వేయొచ్చు. ముందు నాగార్జునసాగర్ లాంటి చోటికి ఒక్క రోజు వెళ్లి రండి. డ్యామ్, ఎత్తిపోతల జలపాతం చూసి రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. దారిలో మీ చుట్టాలెవరైనా ఉన్నా ఆ రోజు ఫోన్ చేయకండి. తనకు డ్రైవింగ్ వస్తే సగం దారి స్టీరింగ్ ఇవ్వండి.

ఇన్ని చేసినా ఈ సంక్రాంతికి తను రానంటే బతిమాలొద్దు. మీరొక్కరే తెనాలి వెళ్లండి, అమ్మతో రెండు రోజులు గడపండి. కోడలేదని అమ్మ అడుగుతుంది. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెబితే రేపు ఫోన్లో ఆ అబద్ధాన్ని మోయాల్సింది మీ భార్యే. ‘పోయినసారి తనకి అస్సలు విశ్రాంతి దొరకలేదమ్మా, తప్పు నాదే, ఈసారి ఇంట్లో ఉండమని నేనే చెప్పాను’ అనండి.