పిల్లలు మందు ఎందుకు ఎగ్గొడతారో పెద్దవాళ్లని అడిగితే ఏం తెలుస్తుంది?

"మా పదకొండేళ్ల బాబు ఆస్తమా ఇన్‌హేలర్ రోజూ వాడడు, గుర్తు చేసి చేసి విసిగిపోయాం, ఏం చేయాలి" అని అడిగారు. ముందు గుర్తు చేయడం ఆపండి. వాడికున్నది మతిమరుపు కాదని నా గట్టి నమ్మకం.

మా అక్కవాళ్లది విశాఖలో మల్కాపురం. అక్క కూతురికి పన్నెండేళ్లు, చిన్నప్పటి నుంచీ పిల్లికూతలు. ఎందుకు వాడదని అక్కని అడిగితే, "ఫోన్ మర్చిపోదు గానీ మందు మర్చిపోతుంది" అంటుంది. బావగారి భయం వేరు. స్టెరాయిడ్ కదా, పిల్ల ఎదగదేమో, రేపు సంబంధాలు చూసేటప్పుడు తెలిస్తే ఎలా అని.

ఒక ఆదివారం సాయంత్రం దాన్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. మురీ మిక్చర్ పొట్లం చేతిలో పెట్టి, తిట్టనని ఒట్టేసి అడిగాను. కాసేపు సముద్రం వైపే చూసి చెప్పింది.

"ఆటో వచ్చాక అమ్మ గుమ్మంలోంచి 'ఇన్‌హేలర్ పీల్చావా' అని అరుస్తుంది పిన్నీ. ఆటోలో అందరూ వింటారు. స్కూలు దాకా నాలాగే దగ్గుతూ వెక్కిరిస్తారు. పీల్చేశానని ముందే చెప్పేస్తే అమ్మ అరవదు కదా."

ఇంకోటి కూడా చెప్పింది. మందు వాడితే గొంతు బొంగురు పోతుందట, స్కూల్లో ప్రార్థన పాడేది తనే. ఇంట్లో ఒక్కరికైనా ఈ సంగతి తెలిస్తే ఒట్టు!

మందు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పీల్చి, నోరు పుక్కిలించి ఉమ్మేస్తే గొంతు ఇబ్బంది కొంతవరకు తగ్గుతుంది. అందుకే ఇన్‌హేలర్‌ని టూత్‌బ్రష్ పక్కన పెట్టించాను. ముందు మందు, తర్వాత బ్రష్. ఆటో వచ్చేసరికి అడగాల్సిన పనే ఉండదు. బావగారికి కూడా చెప్పాను: పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మింగే స్టెరాయిడ్ మాత్ర మిల్లీగ్రాముల్లో. ఎత్తు మీద ప్రభావం ఉంటే ఒక సెంటీమీటరు అటూఇటూ, అంతే. ఆయాసంతో రాత్రంతా కూర్చునే పిల్ల మాత్రం బాగా ఎదుగుతుందా? ఆయాసం లేదని మానేస్తే ఊపిరి గొట్టాల్లో వాపు మళ్లీ మొదలవుతుంది. అది పైకి కనిపించదు కాబట్టి పెద్దలూ పిల్లలూ ఇద్దరూ మోసపోతారు.

అసలు నా కోపం డాక్టర్ల మీద. పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటే ప్రశ్నలన్నీ తల్లినే అడుగుతారు. స్కూళ్లు ఇంకా ఘోరం. మా అక్క కూతురి స్కూల్లో ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం ఇన్‌హేలర్‌ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. చుట్టూ కొండలున్న ఊరు, చలికాలం దుమ్మూ పొగా కదలకుండా అలాగే ఉండిపోతాయి. ఆ రోజుల్లో పిల్లకి ఊపిరాడకపోతే తాళంచెవి కోసం ఎవరు పరిగెత్తుతారు? అక్కని తీసుకెళ్లి గట్టిగా అడిగాక, డాక్టర్ చీటీ చూపిస్తే బ్యాగులో ఉంచుకోనిచ్చారు. మీ బాబుది ఎక్కడ ఉంచుతున్నారో రేపే వెళ్లి కనుక్కోండి.