లిమాలో మంచి బట్టలు కావాలంటే బర్రాంకోకు ఒక పూట ఇవ్వండి

మచు పిచ్చు చూసి వస్తూ పెరూ రాజధాని లిమాలో రెండు రోజులు ఆగుతున్నామని, మాల్‌లో అన్నిచోట్లా దొరికేవి కాకుండా అక్కడి డిజైనర్లు చేసినవి కొనాలని ఉందని, ఏ పేటకు వెళ్లాలో, ఏది కొంటే డబ్బుకు తగిన విలువ ఉంటుందో చెప్పమని అడిగారు. ఉద్యోగం మీద కొంతకాలం నేను ఆ ఊళ్లో ఉన్నాను. చేనేత అంటే నాకు ప్రాణం, అందుకే ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

నన్నడిగితే మొదట దుకాణానికి కాదు, మిరాఫ్లోరెస్ పేటలో ఉన్న అమానో మ్యూజియానికి వెళ్లండి. పెరూ ప్రాచీన వస్త్రాలకే కేటాయించిన చిన్న మ్యూజియం అది. 1964లో యోషితారో అమానో అనే జపాన్ వ్యాపారి దాన్ని నెలకొల్పాడు. స్పెయిన్ వాళ్లు రాకముందే చాంకాయ్ ప్రాంతపు నేతగాళ్లు నేసిన పలుచని జాలీ బట్టలు అక్కడ ఉన్నాయి. పోగుకూ పోగుకూ మధ్య ఖాళీనే నమూనాగా మలిచిన ఆ పనితనం కాసేపు చూశాక, బజారులో ఏది చేతిపనో, ఏది మిషన్ మీద అచ్చు కొట్టిందో మీ కన్నే చెప్పేస్తుంది.

అక్కడి నుంచి బర్రాంకోకు టాక్సీలో వెళ్లిపోవచ్చు. సముద్రం ఒడ్డున పాత బంగళాలు, రంగు గోడలు ఉన్న పేట అది. సాయెన్స్ పేన్యా వీధిలో డేదలో అనే దుకాణం ఉంది. పాత బంగళాలో గది గదికీ ఒక రకం సరుకు: ఒక చోట పింగాణీ, ఒక చోట నగలు, మరో చోట బట్టలు, చెక్క బొమ్మలు. వెనక పెరట్లో కాఫీ దొరుకుతుంది. ఒక్క చోటే చూసే తీరిక ఉంటే నేను దీన్నే చెబుతాను. జానపద కళల మీద మక్కువ ఉంటే దగ్గర్లోనే లాస్ పాయాస్ ఉంది. గేటు మూసి ఉంటే వెనక్కి రాకండి, బెల్లు కొట్టండి, తెరుస్తారు. బర్రాంకోలో దుకాణాలు పది, పదకొండు గంటలకు గానీ తెరవరు, కాబట్టి పొద్దున్నే పరుగెత్తనక్కర్లేదు. ధరలు ఖాయం. బేరం ఆడితే మొహమాటంగా నవ్వుతారు, అంతే.

ఇక అల్పాకా, అంటే ఆండీస్ కొండల్లో పెంచే, ఒంటె జాతికి చెందిన జంతువు ఉన్ని. మోసపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. పెతిత్ తువార్స్ అవెన్యూలోని ‘ఇన్కా మార్కెట్’లో ప్రతి అంగడిలోనూ ‘బేబీ అల్పాకా’ అని శాలువా చేతికిస్తారు. బేబీ అనేది ఉన్ని సన్నదనానికి పెట్టిన గ్రేడు, సుమారు 23 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు పోగు. అంత సన్నని ఉన్ని అంత చవగ్గా రాదు. ఆ శాలువాల్లో చాలావాటిలో ఉండేది అక్రిలిక్ అనే కృత్రిమ పోగు. శాలువాను మెడకు ఆనించి చూడండి. అసలైనది మొదట చల్లగా తగిలి, క్షణంలో వెచ్చబడుతుంది, చేతిలో కాస్త బరువుగా జారుతుంది. అక్రిలిక్ తేలిగ్గా, బిరుసుగా ఉండి చిటపటమంటుంది. మన వాళ్లు పట్టు పోగు కాల్చి వాసన చూసినట్లే ఉన్నినీ చూడవచ్చు: అసలుది వెంట్రుక కాలిన వాసన వేసి బూడిదవుతుంది, అక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది. దుకాణంలో అగ్గిపుల్ల గీయలేం కనుక లేబుల్ మీద శాతాలు చదవండి. కునా, సోల్ అల్పాకా లాంటి కంపెనీల దుకాణాలు మిరాఫ్లోరెస్‌లో ఉన్నాయి. ఖరీదు ఎక్కువైనా కొన్నది ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది. ‘ఇన్కా మార్కెట్’ను నేను పూర్తిగా వద్దనను. పర్సులు, సొరకాయ బుర్రల మీద చెక్కిన బొమ్మలు, పిల్లలకు టోపీలు అక్కడే కొనండి, గట్టిగా బేరం ఆడండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్లకు ఇవ్వడానికైతే ఉన్ని కంటే పీమా నూలు మేలు. ఉత్తరాన పియురా ప్రాంతంలో పండే పొడుగు పింజ పత్తి అది. ఆ నూలుతో చేసిన టీషర్టు మన ఎండల్లోనూ ఒంటికి హాయిగా ఉంటుంది.

నా మనసు దోచింది మాత్రం షిపీబో బట్ట. అమెజాన్ అడవి ప్రాంతపు షిపీబో తెగ స్త్రీలు కెనే అనే చిక్కు గీతల నమూనాలను నూలుబట్ట మీద వేస్తారు, కుడతారు. 2008లో పెరూ ప్రభుత్వం కెనేను జాతీయ వారసత్వంగా ప్రకటించింది. లిమాలోనే కాంతగాయో అనే చోట షిపీబో కుటుంబాలు చాలాకాలంగా ఉంటున్నాయి. చెట్టు బెరడు రసంలో ముంచి ఆరబెట్టిన గోధుమరంగు బట్ట మీద నదీ తీరపు బురదతో గీత గీస్తారు. బెరడులోని వగరు, బురదలోని ఇనుము కలిసి ఆ గీత నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారిలో జరిగేదీ అచ్చంగా ఇదే: కరక్కాయ పట్టించిన బట్ట మీద, బెల్లంతో పులియబెట్టిన ఇనుప నీళ్లు తగలగానే నలుపు తేలుతుంది. సముద్రాలకు అటూ ఇటూ ఉన్న చేతులు ఒకే రసాయనాన్ని కనుక్కున్నాయని తెలిసి ఆ బట్ట పట్టుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అచ్చు వేసిన నకళ్లూ ఉన్నాయి. బట్ట తిప్పి చూడండి, గీత మందం అక్కడక్కడా మారుతుంటే చేతిదే.

నగలు కావాలంటే వెండి చూడండి. మంచి పనికి 950 ముద్ర (వెయ్యి పాళ్లలో 950 వెండి) ఉంటుంది, అంటే మామూలు 925 వెండి కంటే స్వచ్ఛం. పియురా దగ్గరి కతకావోస్ ఊరి తీగపని కమ్మలు దొరికితే వదలకండి. కరీంనగర్ వెండి తీగపని తెలిసినవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు.

గమర్రా అనే బట్టల బజారు గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. చవక నిజమే, కానీ జనం కిక్కిరిసి ఉంటారు, జేబుదొంగల బెడద ఉంది, మీరు అడిగిన తరహా సరుకు కాదు. రెండు రోజుల్లో అటు వెళ్లకండి.

ఒక్క హెచ్చరిక: ‘పాత సమాధిలో దొరికిన బట్ట’ అని ఎవరైనా చూపిస్తే ముట్టుకోకండి. ప్రాచీన వస్త్రాలను దేశం దాటించడం అక్కడ నేరం. అల్పాకాకు అడవి చుట్టమైన వికూన్యా ఉన్నితో చేసినది కొంటే బిల్లు, లేబుల్ దాచుకోండి, ఆ జంతువు వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. అల్పాకా శాలువాను ఇంటికి తెచ్చాక చన్నీళ్లలో చేత్తో ఉతికి, తీగ మీద వేలాడదీయకుండా తువాలు మీద పరిచి ఆరబెట్టండి. బీరువాలో పెట్టేటప్పుడు ఎండిన వేపాకు వేస్తే పురుగు పట్టదు.