కంబళ్లు, చిన్న బూట్లు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన టైటానిక్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన చదివేశాను, నీకు వాక్యం నడపడం వచ్చు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి రెండు పేజీల నిండా ఓడ పొడవు, మెట్ల నగిషీ, కోటీశ్వరుల పేర్లే. 'విధి వెక్కిరించింది' అన్న మాట మూడు చోట్ల వచ్చింది. మూడు చోట్లా గీత పెట్టాను.

విధి మీదకి తోసేసే ముందు మనుషులు ఏం చేశారో చూడు. 1912 ఏప్రిల్ 14న మంచు ఉందని పగటి నుంచే వైర్‌లెస్‌లో హెచ్చరికలు వస్తున్నాయి. ఓడ వేగం తగ్గించలేదు. రాత్రి 11:40కి మంచుకొండ తగిలింది. ఓడ అడుగుభాగాన్ని 16 గదులుగా విడగొట్టి కట్టారు. ముందువైపు నాలుగు గదులు నిండినా తేలి ఉండేది. ఆ రాత్రి అంతకంటే ఎక్కువ గదుల్లోకి నీళ్లొచ్చాయి. ఓడలో సుమారు 2,200 మంది ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే. ఇందులో ఎవరూ చట్టం మీరలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పది వేల టన్నులు దాటిన ఓడ ఏదైనా సరే, 16 పడవలు ఉంటే చాలని అప్పటి బ్రిటిష్ నిబంధన. టైటానిక్ 46 వేల టన్నుల ఓడ. దానికి 20 పడవలు పెట్టారు, అంటే రూల్ అడిగినదానికంటే నాలుగు ఎక్కువే. పైగా మొదట దించిన పడవల్లో సగం చోటు ఖాళీగానే పోయింది. దాదాపు 1,500 మంది చనిపోయారు. నీ కోపం చూపించాల్సిన చోటు ఇదే. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేసి, నీళ్ల మీద వెన్నెల వర్ణించడానికి వెళ్లిపోయావు. ఆ రాత్రి చంద్రుడు లేడు నాయనా. నక్షత్రాలు మాత్రమే ఉన్నాయి.

వెన్నెల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నీ వయసులో నేను కృష్ణా నదిలో ఒక పడవ మునిగిన సంగతి ఒకటి రాశాను. కన్నీటి సంద్రం, మృత్యుఘోష, ఇలాంటి మాటలన్నీ వాడాను. అచ్చయ్యాక చనిపోయిన ఒక కుర్రాడి తల్లి దాన్ని ఎవరిచేతో చదివించుకుంది. తర్వాత నన్ను కలిసినప్పుడు తిట్టలేదు. "మా వాడు ఆ రోజు నీలం చొక్కా వేసుకెళ్లాడు బాబూ, మీరు తెల్ల చొక్కా అని రాశారు" అంది, అంతే. నేను ఎవర్నీ అడగలేదు. తెలుపైతే వాక్యంలో బాగుంటుందని రాసేశాను. నలభై ఏళ్లయింది, ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

నీది గుంటూరు కదా. రూత్ బెకర్ పేరు నీ వ్యాసంలో ఎందుకు లేదు? ఆ అమ్మాయి 1899లో మీ ఊళ్లోనే పుట్టింది. తండ్రి అలెన్ బెకర్ అక్కడ లూథరన్ మిషనరీ. చిన్న తమ్ముడు రిచర్డ్‌కు జబ్బు చేస్తే తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్నీ తీసుకుని అమెరికా బయలుదేరింది. తండ్రి ఇక్కడే ఉండిపోయాడు. ఇంగ్లండ్ దాకా వెళ్లి, అక్కడ టైటానిక్ రెండో తరగతిలో ఎక్కారు. రూత్‌కు 12 ఏళ్లు, చెల్లెలు మారియన్‌కు నాలుగు, రిచర్డ్‌కు ఇంకా రెండు నిండలేదు.

డెక్ మీద చలిగా ఉందని తల్లి రూత్‌ను కంబళ్లు తెమ్మని క్యాబిన్‌కి పంపింది. తీసుకొచ్చింది. తర్వాత చిన్నవాళ్లిద్దర్నీ 11వ నంబరు పడవలో కూర్చోబెట్టి, ఇక చోటు లేదన్నారు. తల్లి బతిమాలి అందులోకి ఎక్కింది. రూత్ డెక్ మీదే మిగిలిపోయింది. ఇంకో పడవ ఎక్కమని తల్లి కేక వేసింది. ఆ పిల్ల 13వ నంబరు పడవ దగ్గరికి వెళ్లి, ఎక్కవచ్చా అని అడిగి ఎక్కింది. అది నీళ్లకు చేరేసరికి 15వ నంబరు పడవ సరిగ్గా దాని నెత్తిమీదకే దిగుతోంది. తాళ్లు కోసుకుని తప్పించుకున్నారు. రూత్ ఎక్కిన పడవలో బాయిలర్ల దగ్గర నుంచి పలచటి బట్టలతో వచ్చిన పనివాళ్లున్నారు. రూత్ తెచ్చిన కంబళ్లు వాళ్లకు కప్పారు. తెల్లవారి, పడవల్లోని వాళ్లను కాపాడిన కార్పేథియా ఓడ మీద తల్లీ పిల్లలూ మళ్లీ కలిశారు. ఆమె పెద్దయి టీచరయింది. ఆ రాత్రి గురించి ఎన్నో ఏళ్లు నోరు విప్పలేదు. 1990లో చనిపోయాక ఆమె చితాభస్మాన్ని ఓడ మునిగిన చోటే సముద్రంలో కలిపారు.

ఇది చదవగానే నీకు ఏమనిపిస్తుందో నాకు తెలుసు. ఒంటరిగా మిగిలిన ఆ పిల్ల 'అమ్మా' అని తెలుగులో అరిచిందని రాయాలనిపిస్తుంది. రాయకు. కంబళ్లు నిజం, అవి చాలు.

చూసినవాళ్ల మాటను కూడా తేలిగ్గా తీసేయకు. ఓడ రెండు ముక్కలైందని చాలామంది కళ్లారా చూసి చెప్పారు. జాక్ థేయర్ అనే 17 ఏళ్ల కుర్రాడు కూడా చెప్పాడు. ఓడ అధికారి లైటోలర్ మాత్రం విరగలేదన్నాడు. బ్రిటిష్ విచారణ కూడా విరగలేదనే తేల్చింది. 1985 సెప్టెంబర్ 1న రాబర్ట్ బల్లార్డ్, జాన్ లూయీ మిషెల్ బృందం దాదాపు 3,800 మీటర్ల లోతున ఓడను కనిపెట్టింది. అది రెండు ముక్కలుగానే ఉంది. అప్పటికి థేయర్ చనిపోయి నలభై ఏళ్లు. నీ వ్యాసంలో విచారణ నివేదికను రెండుసార్లు ఉదహరించావు, ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో ఒక్కరి మాటా లేదు.

ఇంకొక్కటి. శవాల కోసం కెనడాలోని హాలిఫాక్స్ నుంచి వెళ్లిన మెకే బెనెట్ ఓడకు నాలుగో శవంగా ఒక పసివాడు దొరికాడు. ఎవరూ తమవాడని రాలేదు. ఆ నావికులే డబ్బులు వేసుకుని 'పేరు తెలియని బిడ్డ' అని సమాధి రాయి వేయించారు. బట్టలన్నీ కాల్చేయమంటే, ఒక పోలీసు సార్జెంట్‌కు ఆ చిన్న బూట్లు కాల్చడానికి మనసొప్పలేదు. దాచి ఉంచాడు. 2002లో పరీక్షలు చేసి 13 నెలల ఫిన్లండ్ పిల్లవాడని ప్రకటించారు. కానీ ఆ బూట్లు అంత చిన్నవాడికి పెద్దవి. ఆ అనుమానంతో మళ్లీ పరీక్షించారు. చివరికి అతను మూడో తరగతిలో ప్రయాణించిన ఇంగ్లండ్ కుటుంబపు బిడ్డ సిడ్నీ గుడ్విన్ అని తేలింది. 19 నెలలవాడు. తల్లి, తండ్రి, ఆరుగురు పిల్లలు, ఆ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. సిడ్నీకి పేరు తిరిగి రావడానికి 95 ఏళ్లు పట్టింది, అదీ ఆ బూట్ల సైజు వల్ల.

వ్యాసం మళ్లీ రాయి. ఓడ పొడవుతో కాకుండా, కంబళ్ల కోసం క్యాబిన్‌కి వెళ్తున్న పన్నెండేళ్ల పిల్లతో మొదలుపెట్టి చూడు. వెన్నెల తీసెయ్. పెన్సిల్ గీతలున్న ప్రతి నా దగ్గరే ఉంచాను. దసరా సెలవులకు వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని.

ఆశీస్సులతో,
మాస్టారు